మేడ మీది టవర్, పళ్లెంలోని పల్లీ: క్యాన్సర్ భయం దేనికి ఉండాలి?

హైదరాబాద్‌లో కొండాపూర్, మణికొండ, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాలు ఒక అంశం దగ్గర తరచూ రెండుగా చీలిపోతుంటాయి. సెల్ కంపెనీ డాబా మీద టవర్ పెడతానంటోంది, నెలనెలా అద్దె వస్తుంది, ఆ డబ్బుతో లిఫ్టు మరమ్మతులు, జనరేటర్ డీజిల్ ఖర్చు గట్టెక్కుతాయని ఒక పక్షం. ఇళ్లలో పసిపిల్లలున్నారు, రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుంది, మన బిల్డింగ్ మీద వద్దే వద్దని ఇంకో పక్షం.

ఈ భయాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఐఏఆర్‌సీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. అది 2011 మే నెలలో రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది’ అనే జాబితాలో చేర్చింది. ఆ ఒక్క వార్త చదివిన తల్లిదండ్రులకు గుబులు పుట్టడం సహజమే. కానీ ఆ సంస్థ జాబితాలన్నీ ముందేసుకుని చదివితే సంగతి వేరేగా కనిపిస్తుంది. సైబరాబాద్ బతుకులో మనం రోజూ చూసీచూడనట్టు వదిలేసేవి చాలా ఆ జాబితాల్లో టవర్ కన్నా పై వరుసల్లో ఉన్నాయి.

ఒకదాన్ని కారణమని ఎప్పుడంటారు?

శరీరంలో కణాలు అవసరమైనప్పుడు విడిపోయి రెండవుతాయి, అవసరం తీరాక ఆగుతాయి, బాగుచేయలేనంత పాడైతే తమంతట తామే చనిపోతాయి. ఈ పనులన్నిటికీ ఆదేశాలు డీఎన్ఏలోని జన్యువుల్లో ఉంటాయి. విభజనను తొందరపెట్టే జన్యువు ఆగకుండా పనిచేసినా, ఆపాల్సిన జన్యువు చెడిపోయినా కణం అదుపు తప్పుతుంది. సాధారణంగా ఒక్క మార్పుతో క్యాన్సర్ రాదు. ఏళ్ల తరబడి మార్పులు పోగుపడితే వస్తుంది. వయసుతోపాటు ముప్పు పెరగడానికి ప్రధాన కారణం ఇదే. ఫలానా దానివల్లే వచ్చిందని ఒక్క రోగిని చూసి చెప్పడం దాదాపు అసాధ్యం కావడానికీ ఇదే కారణం.

అందుకని పరిశోధకులు మూడు ప్రశ్నలు వేసుకుంటారు. దానికి ఎక్కువగా గురైన జనంలో జబ్బు ఎక్కువగా ఉందా? జంతువుల్లోనూ అదే జరుగుతోందా? కణంలోకి వెళ్లి అది ఏం చేస్తోందో చూపించగలమా?

మొదటి ప్రశ్నకు మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో ఈ అలవాటున్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అంగిలికి క్యాన్సర్ రావడాన్ని వైద్యులు గమనించారు. పొగాకు మామూలుగా కాల్చేచోట, నమిలేచోట అంగిలి క్యాన్సర్ అరుదు. వేడీ పొగా నేరుగా తగిలేచోటే జబ్బు రావడం గట్టి సాక్ష్యం.

హైదరాబాద్ పట్టుకున్న విషం

మూడు ప్రశ్నలకూ జవాబు దొరికిన విషం ఆఫ్లాటాక్సిన్. దాని కథలో హైదరాబాద్ పేరు చాలాసార్లు వస్తుంది.

1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో ఒక్కసారిగా కామెర్లు ప్రబలాయి. జబ్బుపడ్డవారు 397 మంది అయితే అందులో 106 మంది చనిపోయారు. ఊరి కుక్కలకూ అదే జబ్బు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, రమేశ్ భట్ తదితరులు వెళ్లి ఆరా తీస్తే అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న దగ్గర ఆధారం దొరికింది. 1975లో లాన్సెట్ పత్రికలో ఆ పరిశోధన అచ్చయింది. ఆ బూజు ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం. అది వదిలే విషమే ఆఫ్లాటాక్సిన్.

ఎక్కువ మోతాదులో ఒక్కసారిగా ప్రాణం తీసే ఈ విషం, కొద్దికొద్దిగా ఏళ్లపాటు ఒంట్లోకి వెళ్తే కాలేయ క్యాన్సర్ తెస్తుంది. ఎలాగంటే, కాలేయం దాన్ని విరగ్గొట్టే ప్రయత్నంలో ఇంకా చురుకైన పదార్థంగా మారుస్తుంది. ఆ పదార్థం డీఎన్ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. కణం విడిపోయేటప్పుడు అక్కడ తప్పు అక్షరం పడుతుంది. పాడైన కణాన్ని ఆపే పీ53 అనే జన్యువులో 249వ స్థానం దగ్గర ఈ తప్పు తరచుగా పడుతుందని 1991లో చైనా, ఆఫ్రికా దక్షిణ ప్రాంతాల రోగుల కణితుల్లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. ఎవరి పని అన్నది కణితిలోనే రాసి ఉందన్నమాట. పొగాకు పొగకూ, ఎండలోని అతినీలలోహిత కిరణాలకూ కూడా డీఎన్ఏలో ఇలాంటి సొంత గుర్తులున్నాయి.

హెపటైటిస్-బి వైరస్ ఉన్నవాళ్లలో ఇదే విషం ప్రభావం సుమారు 30 రెట్లు ఎక్కువని నిపుణుల అంచనా. ఆ వైరస్‌కు టీకా ఉంది. తైవాన్‌లో 1984 నుంచి పసిపిల్లలకు ఈ టీకా వేస్తే, తర్వాతి తరం పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గినట్టు 1997లో తేలింది. సరిగ్గా అదే ఏడాది హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ దేశంలో మొట్టమొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకాను మార్కెట్‌లోకి తెచ్చింది. దాని తొలి పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీలోనూ సాగింది. అంతవరకూ విదేశాల నుంచి వచ్చే టీకా మధ్యతరగతికే భారంగా ఉండేది. శాంతా రాకతో ధర ఒక్కసారిగా దిగొచ్చింది. క్యాన్సర్‌ను ఆపే టీకా ఒకటి మన ఊళ్లోనే తయారైందని ఇప్పటికీ చాలామందికి తెలియదు.

ఈ విషం అనంతపురం వేరుశనగ రైతుకు బాగా తెలిసిన తలనొప్పి కూడా. పంట చివరి రోజుల్లో వాన మొహం చాటేసినా, కాయ సరిగా ఆరకముందే బస్తాలకెత్తినా బూజు పడుతుంది. హైటెక్ సిటీ నుంచి గంట ప్రయాణం లోపే ఉన్న పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దీన్ని చవగ్గా కొలిచే పరీక్షా కిట్లు తయారుచేసింది. 2017లో అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రంతో కలిసి, బూజునూ విషాన్నీ తట్టుకునే వేరుశనగను జన్యుమార్పిడితో ప్రయోగాత్మకంగా చూపించింది.

రేడియో తరంగానికి ఎంత బలం?

ఇప్పుడు ఇవే మూడు ప్రశ్నలు టవర్‌కు వేద్దాం. కణంలో అది ఏం చేయగలదన్న చివరి ప్రశ్నతో మొదలుపెడితే విషయం తొందరగా తేలుతుంది.

మన దేశంలో 2022 అక్టోబర్ 1న మొదలైన 5జీ ముఖ్యంగా 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పౌనఃపున్యాల మీద నడుస్తోంది. అంటే తరంగం పొడవు సుమారు 8.6 సెంటీమీటర్లు. వెలుతురైనా, ఎక్స్‌రే అయినా, రేడియో తరంగమైనా శక్తిని ఫోటాన్లనే చిన్నచిన్న మోతాదుల్లో మోసుకొస్తాయి. డీఎన్ఏలో ఒక రసాయన బంధం తెగాలంటే ఒక్కో మోతాదులో కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అతినీలలోహిత కిరణానికి అంత ఉంది, ఎక్స్‌రేకు అంతకు వేల రెట్లుంది. 5జీ ఫోటాన్‌లో ఉన్నది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు పైచిలుకు. ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుతురులోని ఫోటాన్ కూడా దానికన్నా లక్ష రెట్లకు మించి బలమైనది.

టవర్‌లో ఫోటాన్లు కోట్లాది వస్తాయి కదా, అన్నీ కలిస్తే బంధం తెగదా అని అడగొచ్చు. వెయ్యి మంది తలా ఒక గడ్డిపరక విసిరినా కిటికీ అద్దం పగలదు. పగలాలంటే ఒక్క రాయిలోనే ఆ బలం ఉండాలి. ఇక్కడా అంతే.

మరి ఆ శక్తంతా ఏమవుతుంది? వేడిగా మారుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలతో అన్నం వేడిచేసేది అలాగే. కాకపోతే ఓవెన్ వందల వాట్లను మూసిన పెట్టెలో కుమ్మరిస్తుంది, ఇంట్లో వైఫై రౌటర్ సుమారు 0.1 వాటును గదంతా వెదజల్లుతుంది. శరీరం వేడెక్కకుండా చూడడమే చాలా దేశాల పరిమితులకు ప్రాతిపదిక. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. ఫోన్ల విషయంలో ఒక గ్రాము కణజాలం సగటున కిలోకు 1.6 వాట్ల లెక్కకు మించి శక్తిని పీల్చుకోకూడదని నిబంధన పెట్టింది. ఎస్ఏఆర్ అనే ఆ అంకెను చాలా ఫోన్లలో *#07# నొక్కి చూసుకోవచ్చు.

టవర్ దగ్గరుంటే ఎక్కువా, తక్కువా?

టవర్ భయంలో తలకిందులైన సంగతి ఒకటుంది. యాంటెనా పదుల వాట్లతో ప్రసారం చేసినా, దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది, పది రెట్లయితే నూరో వంతుకు. పైగా ఆ ప్రసారం టార్చిలైటు లాగా ఎదురుగా, కొంచెం కిందికి వాలి వెళ్తుంది కనుక టవర్ ఉన్న మేడ కింది అంతస్తులకు దాని ప్రధాన ధార తగలదు. జాగ్రత్త కావాల్సింది యాంటెనా పలకకు సరిగ్గా ఎదురుగా, కొద్ది మీటర్ల లోపు. డాబా మీద అక్కడికి పిల్లలు, బట్టలారేసేవాళ్లు వెళ్లకుండా కంచె ఉండాలని పట్టుబట్టడం న్యాయమైన డిమాండ్.

ఫోన్ మాత్రం చెవికి ఆనుకునే ఉంటుంది. దాని గరిష్ఠ శక్తి 0.2 వాటే అయినా దూరం దాదాపు సున్నా. కాబట్టి తలకు తగిలే తరంగాల్లో పెద్ద వాటా ఫోన్‌దే. ఆ ఫోన్ ఎప్పుడూ ఒకే శక్తితో పనిచేయదు. సిగ్నల్ బాగుంటే తగ్గించుకుంటుంది, లిఫ్టులోనో సెల్లార్ పార్కింగ్‌లోనో సిగ్నల్ అందకపోతే పూర్తి బలంతో అరుస్తుంది. దగ్గర్లో టవర్ లేకుండా చేసుకున్న కాలనీలో ఫోన్లు ఎక్కువ శక్తితో పనిచేస్తాయి.

ఫోన్ శక్తిని సమర్థంగా వాడుకోవడం మీద వైర్‌లెస్ పరిశోధన కూడా సాగుతోంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం పనిచేసిన ఒక సంకేత పద్ధతి 5జీ ప్రమాణాల్లో చేరింది. ఫోన్‌లోని చిన్న యాంప్లిఫయర్‌ను పొదుపుగా వాడుకుంటూనే సంకేతం ఎక్కువ దూరం చేరేలా చూడడం దాని ఉద్దేశం.

‘2బీ’ అంటే ఏమిటి?

జనం మీద జరిగిన అధ్యయనాల సంగతి చూద్దాం. 13 దేశాల్లో జరిగిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం 2010లో వెలువడింది. మొత్తం మీద ఫోన్ వాడేవాళ్లలో మెదడు కణితులు పెరిగినట్టు అందులో కనిపించలేదు. అందరికన్నా ఎక్కువ గంటలు మాట్లాడామని చెప్పినవాళ్ల గుంపులో మాత్రం గ్లయోమా అనే మెదడు కణితి కొంత ఎక్కువగా కనిపించింది. కానీ ఎన్నేళ్ల క్రితం ఎన్ని గంటలు ఏ చెవితో మాట్లాడారో రోగి గుర్తుచేసుకుని చెప్పిన లెక్కలవి. జబ్బు వచ్చినవాళ్లు కారణం వెతుక్కుంటూ ఎక్కువ చెప్పే వీలుంది. ఈ అనుమానాస్పద సంకేతాన్ని కొట్టిపారేయకుండా ఐఏఆర్‌సీ 2011లో రేడియో తరంగాలకు 2బీ అనే తరగతి ఇచ్చింది.

జంతువుల సంగతికొస్తే, అమెరికా ప్రభుత్వ పరిశోధన 2018లో మగ ఎలుకల గుండెలో ఒక రకం కణితులు పెరిగినట్టు చెప్పింది. ఆ ఎలుకల ఒళ్లంతటికీ రోజుకు 9 గంటల చొప్పున రెండేళ్లు తరంగాలు పెట్టారు. గరిష్ఠ మోతాదు కిలోకు 6 వాట్లు. మనుషుల ఒళ్లంతటికీ అంతర్జాతీయ పరిమితి కిలోకు 0.08 వాట్లే. చిత్రమేమిటంటే, తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలనివాటికన్నా ఎక్కువ కాలం బతికాయి.

ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 అధ్యయనాలను జల్లెడపట్టిన సమీక్ష 2024లో వచ్చింది. పదేళ్లకు పైగా ఫోన్ వాడినవాళ్లలోనూ మెదడు క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు అందులో తేలలేదు. నార్డిక్ దేశాల్లో అందరి చేతికీ ఫోన్ వచ్చి దశాబ్దాలైనా మెదడు క్యాన్సర్ల రేటు దానికి తగ్గట్టు ఎగబాకలేదు. ఆఫ్లాటాక్సిన్ 249వ స్థానం దగ్గర వదిలినట్టు, రేడియో తరంగాలు డీఎన్ఏలో వదిలిన గుర్తు ఏదీ ఇంతవరకూ దొరకలేదు.

ఐఏఆర్‌సీ తరగతులు సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయి, ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. ఒకటో తరగతి అంటే రుజువైంది. 2ఏ అంటే బహుశా కారకమే. 2బీ అంటే అవకాశాన్ని పూర్తిగా కొట్టేయలేం. ఆ 2బీలో కలబంద ఆకు మొత్తాన్ని నలిపి తీసిన సారం ఉంది, తూర్పు ఆసియాలో ఊరబెట్టే కూరగాయలున్నాయి (మన ఆవకాయ కాదు), 2023 నుంచి డైట్ కూల్‌డ్రింకుల తీపికి వాడే ఆస్పర్టేమ్ కూడా ఉంది.

సైబరాబాద్ అసలు జాబితా

ఇప్పుడు అదే జాబితాను పై నుంచి చదువుదాం. రాత్రి షిఫ్టు 2ఏలో ఉంది. 2007లో అక్కడ చేర్చి, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచారు. అమెరికా వేళల ప్రకారం సాయంత్రం క్యాబ్ ఎక్కి తెల్లవారుజామున దిగే ఉద్యోగుల మీద, తరంగాల కన్నా ఒక మెట్టు గట్టి సాక్ష్యం ఉన్న అనుమానమిది. చీకట్లో విడుదలయ్యే మెలటోనిన్ తగ్గడం, కణవిభజనకూ డీఎన్ఏ మరమ్మతుకూ వేళలు పెట్టే శరీర గడియారం గతి తప్పడం దీనికి కారణాలు కావచ్చని భావిస్తున్నారు. ఇది కూడా రుజువైన కారణం కాదు. అయినా షిఫ్టులు మరీ తరచుగా మార్చొద్దని, వరుస రాత్రుల సంఖ్య తగ్గించమని యాజమాన్యాన్ని అడగడానికి ఈ మాత్రం సాక్ష్యం చాలు.

ఒకటో తరగతిలో పొగాకుంది. అందులో సిగరెట్‌తోపాటు గుట్కా, ఖైనీ ఉన్నాయి. పొగాకు లేకపోయినా ఉత్త వక్క కూడా ఉంది. మద్యం ఉంది, వారాంతం పార్టీలో పోసే బీరు, వైన్ సహా. 2013 నుంచి బయటి గాలి కాలుష్యం ఉంది. ఊపిరితిత్తుల్లోకి చొచ్చుకుపోయే పీఎం 2.5 ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మన జాతీయ ప్రమాణం 40 దాకా ఒప్పుకుంటోంది.

ఆ ధూళిని వీధివీధిలో కొలవడానికి మళ్లీ ఈ రేడియో తరంగాలే పనికొస్తున్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తక్కువ ఖర్చుతో ధూళి సెన్సర్లు తయారుచేసి, క్యాంపస్‌లోనూ చుట్టుపక్కలా అమర్చి, అంకెలను వైర్‌లెస్‌గా తెప్పించుకుంటున్నారు. ఖరీదైన ప్రభుత్వ కేంద్రాలు నగరంలో కొద్దిచోట్లే ఉంటాయి. ఏ కూడలి దగ్గర, ఏ వేళలో గాలి చెడుతోందో చెప్పాలంటే ఇలాంటి వల కావాలి.

ఇంకో అంకె కూడా మనసులో పెట్టుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 నివేదిక ప్రకారం రొమ్ము క్యాన్సర్ రేటులో దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలన్నిటికన్నా హైదరాబాద్ జిల్లాదే పైచేయి. వయసు తేడాలు సరిచేసి చూస్తే లక్ష మంది స్త్రీలకు 48. ఆలస్యంగా పిల్లలు పుట్టడం, పాలిచ్చే కాలం తగ్గడం, ఒళ్లు పెరగడం, కదలిక తగ్గడం వంటి నగర జీవితపు మార్పులు ఈ జబ్బుకు తెలిసిన కారకాలు.

మిద్దెతోట మీద టవర్ నీడ పడితే?

తిండి దగ్గర కూడా భయం దారి తప్పుతోంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కోకాపేట ఒకప్పుడు పొలాలే. ఇప్పుడు ఈ మేడలకు కూరగాయలు చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు నుంచి రావాలి. అందుకే మిద్దెతోటల మీద మోజు పెరిగింది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డి నారపల్లిలో తన ఇంటి మేడ మీద పండించి చూపి, ఆ మాటను తెలుగునాట ఇంటింటికీ చేర్చారు. పక్క బిల్డింగ్ మీద టవర్ ఉంటే ఆ తోటకూర తినొచ్చా అని కొందరికి అనుమానం. తినొచ్చు. రేడియో తరంగం ఆకులో నిలవ ఉండదు, ఆకును రేడియోధార్మికంగా మార్చదు.

ఆకుకూర విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరు: ఏ మట్టి, ఏ నీరు? ఒకటో తరగతిలోని కాడ్మియం లోహాన్ని ఆకుకూరలు మిగతా కూరగాయల కన్నా ఎక్కువగా పీల్చుకుంటాయి. పరిశ్రమల పక్క మట్టినీ, ఎక్కడిదో తెలియని బురదనూ కుండీల్లోకి తేకూడదు. మూసీ దిగువన పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు మురుగునీటి సాగును అధ్యయనం చేసిన పరిశోధకులకు రైతు కుటుంబాల్లో కనిపించిన సమస్య కొంకిపురుగుల వంటి నులిపురుగులు. అన్ని ముప్పులూ క్యాన్సర్లే కావు. శుభ్రంగా కడగడం, ఉడికించి తినడం ఇక్కడ అసలు మందు.

పల్లీల దగ్గర కొంచెం కఠినంగా ఉండాలి. ముడతలు పడ్డవీ, రంగు మారినవీ, చేదెక్కినవీ, బూజు వాసన వచ్చేవీ ఏరి పారేయాలి. వేయిస్తే విషం కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. బాగున్నవాటితో కలిపి చట్నీ చేసేస్తే తెలియదులే అనుకోకూడదు. పప్పులైనా, ఎండుమిర్చి అయినా నెలల తరబడి వానాకాలం చెమ్మలో ఉంచొద్దు. కూరగాయలు తగ్గించుకునే భయం మాత్రం వద్దు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటున్నాయి. మనలో చాలామంది అందులో సగం కూడా తినం.

చేయాల్సిన పనులు

టవర్ పెట్టనివ్వాలా వద్దా అన్నది అద్దె, మేడ బలం, జనరేటర్ మోత, కంచె చూసుకుని సంఘం తేల్చుకోవాలి. కొలతల మీద అనుమానముంటే కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో వివరాలు చూడొచ్చు, రుసుము కట్టి కొలిపించుకోవచ్చు. ఫోన్ విషయంలో అతి జాగ్రత్త కావాలనుకుంటే ఇయర్‌ఫోన్ వాడండి, సిగ్నల్ లేనిచోట ఎక్కువసేపు మాట్లాడకండి. అంతకుమించి బెంగ పడాల్సిన సాక్ష్యం ఈరోజుకు లేదు.

సాక్ష్యం ఉన్న పనులు వేరే ఉన్నాయి. సిగరెట్, గుట్కా, వక్క మానేయండి. మద్యం తగ్గించండి, మానితే ఇంకా మంచిది. హెపటైటిస్-బి టీకా చిన్నప్పుడు వేయించుకోనివాళ్లు మూడు డోసులు వేయించుకోండి. ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా గురించి డాక్టర్‌ను అడగండి. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. ఇంట్లో అమ్మ, అక్క, భార్య ఎవరైనా ఇంకా ఆ పరీక్ష చేయించుకోకపోతే ఈ వారమే ఒక రోజు సెలవు పెట్టి తీసుకెళ్లండి.